ఏడు గడియల ఏలుబడి

కార్తీక అమావాస్య వచ్చేసరికి పల్నాట పత్తి పగిలి ఉంటుంది. నల్లరేగడి మీద ఎటు చూసినా తెల్లదనమే. పక్క చేలో మిరప ఇంకా పూతా పిందెగా ఉంటుంది. అది ఎరుపెక్కడానికి ఇంకా నెలల గడువుంది. ఆ దినాల్లో కారెంపూడి దారిన వెళితే కొణతాలు భుజానికెత్తుకుని నాగులేటి వైపు నడిచే మనుషులు కనిపిస్తారు. కొణతం అంటే వీరుడి ఆయుధం. తరాలుగా ఇంట దాచి, పూజ చేసి, ఏడాదికొకసారి ఏటి నీట తానమాడించి వీరుల గుడికి తెస్తారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. ఐదు రోజులు, ఐదు పేర్లు. ఎనిమిది వందల నలభై ఏళ్ల నాటి పల్నాటి యుద్ధపు చావు ఆ ఐదు రోజుల్లో మళ్లీ జరుగుతుంది.

చివరికి ఏమవుతుందో తెలియనివాడు ఆ జనంలో ఉండడు. తండ్రి భుజమ్మీద కూర్చున్న పసివాడికి కూడా పోరుకు పోయిన బాలచంద్రుడు తిరిగి రాడని తెలుసు. అయినా రాయబారం నాడు జనం ఊపిరి బిగబట్టుకుని నిలబడతారు, ఈసారైనా అలరాజు గురజాల నుంచి ప్రాణాలతో వస్తాడేమో అన్నట్టు. కోడిపోరు నాడు చూపులన్నీ బరి మీదే ఉంటాయి, ఈసారైనా ఎవరో ఒక పెద్దమనిషి పందెం వద్దంటాడేమో అన్నట్టు. ఎవరూ అనరు. కోడి ఓడుతుంది. అలరాజు రాడు. ఏరు ఎర్రబడుతుంది.

ఇంత చావుకూ కారణం ఎవరని అడగండి. పల్నాట పుట్టిన నోరు ఏదైనా ఆలోచించకుండా చెప్పే పేరు ఒకటే: నాయకురాలు నాగమ్మ.

ఆమె కోసం ఏడ్చినవారు తక్కువ. ఆమె చేతులకు మరక లేదని చెప్పడానికి నేనీ కథ ఎత్తుకోలేదు. మరక ఉంది. కానీ ఆ చేతులు తొలిసారి మంత్రి ముద్ర పట్టుకున్న పొద్దున ఈ నేల మీద ఏదో కొత్తది మొలిచింది. అది ఎలా వాడిపోయిందో, వాడకుండా ఆపగలిగిన ఘడియలు ఎన్ని వచ్చి ఎన్ని చేజారాయో తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది. ఆ బరువును పంచుకోవడానికే ఈ నాలుగు మాటలు.

* * *

పన్నెండో శతాబ్దపు పల్నాడు మనం ఎరిగిన పల్నాడు కాదు. మిరప విత్తనం ఇంకా సముద్రం దాటి రాలేదు. సాగరు కుడికాలువ నీళ్లకు దాదాపు ఎనిమిది వందల ఏళ్లు ఆగాలి. నాపరాయి, నల్లమట్టి, జొన్న చేలు, పశువుల మందలు. అంతే ఆ సీమ. చందవోలు నుంచి వెలనాటి చోళులు ఏలుతున్న రోజులవి. వారి ఆడపడుచు మైలమాదేవిని హైహయ వంశపు అనుగురాజు పెళ్లాడాడు. పల్నాడు ఆమెకు అరణంగా వచ్చింది.

ఈ మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. ఏ నేల కోసం అన్నదమ్ములు తలలు తెగనరుక్కున్నారో, ఆ నేల అసలు ఒక ఆడపిల్లకు పుట్టింటివారు పెట్టిన పసుపు కుంకుమ. కథ ముందుకు పోయేకొద్దీ ఆ సంగతి అందరూ మరిచిపోయారు.

నాగమ్మది ఈ ఊరు కాదంటారు. తెలంగాణలోని ఆర్వెల్లి నుంచి తండ్రి రామిరెడ్డితో గురజాల పక్కనున్న జిట్టగామాలపాడుకు, మేనమామ ఇంటికి వచ్చిందంటారు. మేనమామ కొడుకుతో మనువైంది. పసుపు ఆరకముందే ఆ మనువు బూడిదైంది. భర్త పోయిన పడుచుకు ఆ కాలంలో మిగిలేది ఇంట్లో ఒక మూల, రోజుకొక పూట తిండి, శుభకార్యాల్లో ఎదురుపడకుండా తప్పుకునే తెలివి. ఆమె మూలన కూర్చోలేదు. సేద్యం చేయించి, మంచిచెడ్డలు తీర్చి ఊరికి పెద్దదిక్కయిందని చెబుతారు. నాయకురాలు అన్నది ఆమెకు ఇంటిపేరుగా వచ్చిన మాట కాదు, నలుగురూ పిలవగా నిలిచిన మాట.

ఒకనాడు వేటకు వచ్చి అలసిన రాజుకు, పరివారానికి ఆమె అన్నం పెట్టింది. ఆ రాజు అనుగురాజని కొందరు, కొడుకు నలగామరాజని కొందరు. కడుపు నిండిన రాజు ఏం కావాలో కోరుకోమన్నాడు. మాన్యం అడగవచ్చు. నగలు అడగవచ్చు. ఆమె అడిగింది ఏడు గడియల మంత్రిత్వం.

గడియ అంటే ఇరవై నాలుగు నిమిషాలు. ఏడు గడియలంటే 2 గంటల 48 నిమిషాలు. పొయ్యి రాజేసి, ఇంటిల్లిపాదికీ వండి వడ్డించి, గిన్నెలు తోముకుని చేతులు తుడుచుకునేటంత సేపు. ఏ ఇల్లాలైనా రోజూ ఒక పూట పొయ్యికి ధారపోసే సమయాన్ని ఆమె రాజ్యం నుంచి అడిగింది. రాజు నవ్వుకుని ఉంటాడు. ఆడదాని ముచ్చట, తీరిపోతుందిలే అనుకుని ఉంటాడు. రాసిచ్చాడని కథ. నలగామరాజు గద్దెనెక్కాక ఆమె ఆ మాట తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఏడు గడియలను ఎలా సాగదీసి ఏళ్లు చేసుకుందో కథకులు తలొక రకంగా పాడతారు. ఆమె మంత్రి అయింది. తెలుగు గాథల్లో పురిటిగదినీ వంటింటినీ దాటి కొలువులో కూర్చుని, రాజు తర్వాత రాజంతటి మాట చెల్లించుకున్న ఆడమనిషి అంతకుముందు మనకు కనిపించదు.

* * *

ఆ కొలువులోనే మరో మనిషి ఉన్నాడు. బ్రహ్మనాయుడు. అనుగురాజు కాలం నుంచి మంత్రి. మాచర్ల చెన్నకేశవుడి భక్తుడు. ఆయన ఒక చాప పరిచాడు. దాని మీద అన్ని కులాలవారినీ ఒక్క వరుసన కూర్చోబెట్టి అన్నం పెట్టాడు. చాపకూడు అన్న మాట అలా పుట్టింది. మాల కులంలో పుట్టిన కన్నమదాసును కొడుకుగా చేరదీసి, కత్తి చేతికిచ్చి సేనకు ముందు నిలిపాడు. ఇది ఎనిమిది శతాబ్దాల కిందటి మాట. మన ఊళ్లలో హోటళ్ల ముందు రెండు గ్లాసులు పెట్టిన రోజులు నిన్నమొన్నటివని గుర్తుంచుకుని ఆ చాపను చూడాలి.

ఒక చిన్న సీమ. జొన్నకూడు తప్ప మరొకటి ఎరగని మెట్టనేల. ఆ నేల మీద ఒకే కాలంలో రెండు కలలు మొలిచాయి. అంటరానివాడు సేనాపతి కావచ్చునన్నది ఒకటి. విధవరాలు మంత్రి కావచ్చునన్నది మరొకటి. ఓరుగల్లులో లేని కలలు, చందవోలులో లేని కలలు. ఆ రెండూ ఒకదాన్నొకటి గుర్తుపట్టి ఉంటే!

గుర్తుపట్టలేదు. ఆయన వైష్ణవం, ఆమె శైవం. ఒకప్పుడు ఆయన మాట నెగ్గిన చోట ఇప్పుడు ఆమె మాట నెగ్గింది. అన్ని కులాలకూ చోటున్న ఆ చాప మీద కొలువుకు వచ్చిన ఆడమనిషికి చోటుందా అని ఎవరూ అడగలేదు. మంత్రిపీఠం ఎక్కిన ఆమె కూడా ఆ చాప వంక తిరిగి చూడలేదు. ఇద్దరూ ఎవరి లోకం చూపిన తావు నుంచి వాళ్లు లేచి వచ్చినవారే. లేచి వచ్చినవాళ్లు చేయి కలపకపోతే, లేవకూడదన్నవాళ్లకు పని తేలికవుతుంది. పల్నాటి కథకు మొదటి చావు అక్కడే జరిగిందని నాకనిపిస్తుంది. అప్పటికి రక్తం ఇంకా చిందలేదు, అంతే.

అనుగురాజు కొడుకుల్లో సవతి తల్లుల బిడ్డల మధ్య పొరపొచ్చాలు పెరిగాయి. వీరవిద్యాదేవి కొడుకు మలిదేవుణ్ణి వెంటబెట్టుకుని బ్రహ్మనాయుడు మాచర్లకు తరలిపోయాడు. నలగాముడు, నాగమ్మ గురజాలలో మిగిలారు. నడిచినా పగటిపూట చేరుకునే దూరం. ఆ దూరంలోనైనా కథ ఆగిపోవలసింది. రెండు ఊళ్లు, రెండు గద్దెలు, తలొక సంక్రాంతి. మన ఇళ్లలో అన్నదమ్ములు పొలం పంచుకుని, గట్టు వేసుకుని, పెళ్లిళ్లకు మాత్రం కలుసుకోవడం లేదా?

* * *

గట్టు మీద కోడిని నిలబెట్టారు.

బ్రహ్మనాయుడి పుంజు చిట్టిమల్లు. నాగమ్మ పుంజు శివంగి డేగ. ఓడినవారు ఏడేళ్లు రాజ్యం విడిచి పోవాలన్నది పందెం. ఏడు గడియలతో మొదలైన కథకు ఏడేళ్లు వచ్చి తగులుకున్నాయి. మోసంతో గెలిచిందని గాథ ఆమెనే తప్పుపడుతుంది. కావచ్చు. కానీ రాజ్యాన్ని కోడి కాలికి కట్టడానికి ఇద్దరూ ఒప్పుకున్నారు కదా. చాప పరిచి లోకాన్ని ఒక్కటి చేయాలనుకున్న మనిషి, ముద్ర పట్టి లోకాన్ని నడపాలనుకున్న మనిషి, ఇద్దరూ బరి పక్కన కూర్చుని పుంజుల వంక చూస్తున్న ఆ దృశ్యం తలుచుకుంటే కన్నీళ్లకన్నా ముందు సిగ్గు వస్తుంది. అక్కడ ఎవరో ఒకరు లేచి, ఇక చాలు, కోళ్లను గూటికి తీసుకుపొండి అని ఉంటే నాగులేరు ఇవాళ ఒట్టి ఏరుగానే ఉండేది.

చిట్టిమల్లు ఓడింది. మలిదేవాదులు ఆవుల మందలు తోలుకుని అడవి బాట పట్టారు. మండాది దగ్గర మందల మీద దాడి జరిగింది. పగ ఎరగని ఆవులు మేస్తూ మేస్తూనే కూలిపోయాయి. ఉత్సవంలో మందపోరు ఆ రోజును తలుచుకునే రోజు. అక్కణ్ణించి కదిలి త్రిపురాంతకం దగ్గరి మేడపికి చేరారు. ఏడేళ్లూ లెక్కపెట్టుకుంటూ గడిపారు. ఎనిమిదో ఏట ఇంటికి పోతామన్న ఆశే వాళ్లకు తిండీ నీళ్లూ అయింది.

గడువు తీరింది. మా పాలు మాకిమ్మని అడగడానికి అలరాజును పంపారు. అలరాజు నలగామరాజుకు అల్లుడు. అల్లుణ్ణి పంపడంలోనే ఒక నమ్మకం ఉంది. కూతురి తాళి చూసైనా మామ మనసు కరుగుతుందని. ఈ కథ మొత్తంలో తలుపు అంత బార్లా తెరుచుకున్న క్షణం మరొకటి లేదు. అనవలసింది ఒక్క మాటే: ఇస్తాం.

ఇవ్వలేదు. తిరుగు దారిలో చర్లగుడిపాడు దగ్గర అలరాజు విషానికి బలయ్యాడు. పన్నాగం నాగమ్మదన్నారు. కథ చెప్పేవారు ఆ పాపంలో నలగాముడి తమ్ముడు నరసింగరాజు పేరూ కలుపుతారు. అందుకే బాలచంద్రుడు నరసింగరాజు తల కోసం అంతగా వెతికాడు. కానీ నరసింగరాజు పాపం అతని తలతో తీరిపోయింది. నాగమ్మ పాపం ఆమె తర్వాత పుట్టిన ఆడవాళ్లందరి నెత్తిమీదా మిగిలింది. అలరాజు భార్య పేరిందేవి చితి ఎక్కింది. ఆ మంట వెలుగులో రాజ్యం మళ్లీ సంధి అన్న మాట పలకలేకపోయింది.

* * *

పలకలేకపోయిందన్నానా? పలికింది. అదే ఇంకా బాధ.

రెండు సేనలూ కారెంపూడి చేరాక కూడా సంధి మాట వచ్చింది. బ్రహ్మనాయుడి మనసు మెత్తబడింది. జుట్టు నెరిసినవాడు. చెయ్యెత్తి ఎంతమందికి అన్నం పెట్టాడో, అంతమందిని చావుకు తోలలేకపోయాడు. ఆ పూట చీకటిపడితే తెల్లవారి అందరూ ఇళ్లకు పోయేవారే.

బాలచంద్రుడు ఒప్పుకోలేదు. బ్రహ్మనాయుడి కొడుకు. మీసం సరిగా మొలవని వయసు. నిన్నటిదాకా బొంగరాలాడుకున్నవాడు. అతని బొంగరం తగిలి కాలు నొచ్చుకున్న ఒక ఆడపిల్ల ఎత్తిపొడిస్తే తప్ప యుద్ధం ఒకటి జరగబోతోందని కూడా ఎరగని పసితనం. తల్లి ఐతాంబ వద్దని బతిమాలింది. అప్పటిదాకా మొగుడి ముఖం సరిగా చూడని మాంచాల కత్తి చేతికిచ్చి సాగనంపింది. తనతో చావడానికి సిద్ధపడ్డ బ్రాహ్మణ స్నేహితుడు అనపోతును ఎలాగైనా బతికించుకోవాలని ఏదో వంకతో వెనక్కి పంపితే, సంగతి తెలిసి అతను దారిలోనే ప్రాణం తీసుకున్నాడు. తమ్ముళ్లుగా చేరిన తక్కిన చెలికాళ్లు కులానికొకరు. ఒకే తల్లి బిడ్డల్లా నడిచారు. చాపకూడు కన్న ఆ బిడ్డలే చాపకూడు ఎత్తిపోవడానికి ముందు నడిచారు.

ఈ కథలోని ఆడవాళ్లను ఒక్కసారి వరుసగా నిలబెట్టి చూడండి. మైలమ నేల తెచ్చింది. ఐతాంబ ఏడ్చింది. మాంచాల సాగనంపింది. పేరిందేవి కాలిపోయింది. అందరినీ పూజించాం. నిర్ణయం తీసుకున్నది ఒక్కతే. ఆమెను మాత్రం తిట్టిపోశాం. బ్రహ్మనాయుడు పందెం కాస్తే విధి అన్నాం, బాలచంద్రుడు సంధి చెడగొడితే పౌరుషం అన్నాం, నలగాముడు తమ్ముళ్ల పాలు ఎగ్గొడితే మంత్రి చెప్పుడు మాటలన్నాం. అన్ని ఏళ్ల కీడూ కొట్టుకొచ్చి ఒక్క పేరు దగ్గర మేటవేసింది.

ఆ తర్వాతిది మీకు తెలుసు. 1182 ప్రాంతమంటారు. నాగులేటి ఒడ్డున ఒక తరం మొత్తం పడుకుంది. నరసింగరాజు తల తెగింది. బాలచంద్రుడు కూలాడు. తమ్ముళ్లు కూలారు. గెలిచినవాళ్లకు ఊరు మిగలలేదు, ఓడినవాళ్లకు పేరు మిగిలింది. ఎవరు కొట్టారో, ఎవరు పడ్డారో చెప్పడానికి కత్తులు మిగిలాయి. ఆ కత్తులే ఇప్పుడు కొణతాలు.

పోరు ముగిశాక బ్రహ్మనాయుడు ఎదురుగా నాగమ్మ నిలబడిందంటారు. ఆయన చంపలేదు. నలగామరాజును గద్దె మీద కూర్చోబెట్టి తాను గుత్తికొండ బిలంలోకి నడిచిపోయాడంటారు. ఆమె ఏమైందో కథ అంత శ్రద్ధగా చెప్పదు. పుట్టినూరికి పోయిందన్నవారున్నారు. ఆ ఇద్దరూ ఎదురెదురు నిలబడిన క్షణంలో మాట్లాడుకున్నారో లేదో తెలియదు. శవాల మధ్య, ఏటి ఒడ్డున, ముసలితనం మీదపడుతున్న ఇద్దరు మనుషులు. ఆ చూపులు కలవవలసింది అప్పుడు కాదు. ఏళ్ల కిందట, గురజాల కొలువులో.

* * *

సీమ సత్తువ ఆ ఏటిలో కారిపోయింది. పల్నాట చావుతో వెలనాటి చోళుల బలం సడలిందనీ, కాకతీయులు తీరానికి దిగడానికి బాట పడిందనీ చరిత్రకారులు అంటారు. విచిత్రం ఏమిటంటే, వందేళ్లు తిరగకుండానే ఆ కాకతీయుల ఇంట ఇద్దరు ఆడపిల్లలు ఏలికలయ్యారు. గణపతిదేవుడి కూతురు గణపాంబ, భర్త కోట బేతరాజు పోయాక ధరణికోట సీమను ఏలింది. యనమదల శాసనం ఆమె కథ చెబుతుంది. ఆమె తోబుట్టువు రుద్రమ ఓరుగల్లు గద్దెనెక్కి 1289 దాకా కత్తి దించలేదు. కానీ రుద్రమ శాసనాల్లో రుద్రదేవ మహారాజు. మగపేరు కప్పుకుని ఏలింది. నాగమ్మ ఆ ముసుగు వేసుకోలేదు. నాగమ్మగానే కూర్చుంది, నాగమ్మగానే తిట్లు తిన్నది.

మనకొక సామెత ఉంది: ఆడ పెత్తనం, తంబళి దొరతనం. ఎంత చిన్న మాట! ఆడదాన్నీ, కులం తక్కువన్నవాణ్ణీ ఒక్క దెబ్బకు కుర్చీ నుంచి తోసేస్తుంది. బ్రహ్మనాయుడి చాపనూ నాగమ్మ పీఠాన్నీ ఎవరు కలిపి చూడలేకపోయినా ఆ సామెత కట్టినవాడు చూశాడు. ఆ రెండూ ఒకటేనని వాడికి మనకన్నా ముందే తెలుసు.

సముద్రం అవతల కూడా ఇదే ఏడుపు. మన నిజాంపట్నంలో, మచిలీపట్నంలో నేసి అద్దిన బట్టలు ఓడలెక్కి దిగిన తూర్పు దీవుల్లో ఆచే అన్న సుల్తాను రాజ్యం ఉండేది. అక్కడ 1641 నుంచి 1699 దాకా ఒకరి తర్వాత ఒకరుగా నలుగురు రాణులు ఏలారు. మొదటి రాణి సఫియతుద్దీన్ మూడు దశాబ్దాలకు పైగా గద్దె మీద ఉంది. 1699లో, ఆడది ఏలడం ధర్మం కాదన్న తీర్పు మక్కా నుంచి వచ్చిందని చెప్పి నాలుగో రాణి కమలత్‌ను దింపేశారు. ఆ తర్వాత ఆచేలో మరో రాణి లేదు. అదే ఇండోనేషియాలో 1999లో మేఘావతి సుకర్ణోపుత్రి పార్టీకి అందరికన్నా ఎక్కువ ఓట్లు వచ్చినా, ఆడమనిషి అధ్యక్షురాలు కాకూడదన్న మాట మళ్లీ లేచింది. ఆమె 2001 దాకా ఆగవలసి వచ్చింది. మూడు వందల ఏళ్లు గడిచినా ఆ తీర్పుకు సిరా ఆరలేదు.

ఇక్కడ మాత్రం సిరా ఆరిందా? శ్రీనాథుడి పేరున వచ్చిన పల్నాటి వీరచరిత్రను 1911లో అక్కిరాజు ఉమాకాంతం అచ్చువేయించారు. అంతకు ముందూ తర్వాతా వీరవిద్యావంతులు ఊరూరా పాడారు. 1947 సినిమాలో కన్నాంబ నాగమ్మ అయింది. 1966 సినిమాలో, ఒంగోలు దగ్గరి దొడ్డవరంలో పుట్టిన భానుమతి ఆ వేషం కట్టింది. సొంత స్టూడియో నడిపి, కెమెరా వెనక నిలబడి సినిమాలు తీసిన మనిషి భానుమతి. మంత్రాంగం చేసే ఆడదాని నడక ఎలా ఉంటుందో ఆమెకు ఒకరు నేర్పవలసిన పనిలేదు. హాల్లో జనం ఆమెను చూసి ఈలలు వేశారు. ఇంటికి పోతూ, నోరున్న కోడల్ని నాగమ్మ అని తిట్టారు. పల్నాట ఆ తిట్టు ఇప్పటికీ పాతబడలేదు.

* * *

1992లో రాజ్యాంగానికి 73వ సవరణ వచ్చింది. పంచాయతీల్లో మూడింట ఒక వంతు ఆడవాళ్లకు అన్నారు. మన రాష్ట్రంలో తర్వాత అది సగమైంది. 2023 సెప్టెంబరులో చట్టసభల్లోనూ మూడో వంతు ఇస్తూ పార్లమెంటు చట్టం చేసింది. 1996లో మొదటిసారి ప్రవేశపెట్టిన మాట అది. జనగణన కావాలి, నియోజకవర్గాలు మళ్లీ గీయాలి, ఆ తర్వాతే అమలని అందులోనే రాసుకున్నారు. 2024లో లోక్‌సభకు గెలిచి వచ్చిన 543 మందిలో ఆడవాళ్లు 74 మంది.

ఈ మైదానాల్లో ఏదో ఒక ఊరి పంచాయతీ ఆఫీసుకు వెళ్లి చూడండి. పేరు నేను చెప్పను, ఒక్క ఊరిదైతే చెప్పేవాణ్ణే. గోడకు సర్పంచిగా ఒక ఆడమనిషి పేరు రాసి ఉంటుంది. కుర్చీలో ఆమె భర్త కూర్చుని ఉంటాడు. వచ్చినవాళ్లు ఆయన్నే సర్పంచి గారూ అంటారు. ఆమె పత్తి తీతకు పోయిందో, కల్లంలో కాయలు ఏరుతోందో, ఇంట్లో పొయ్యి దగ్గరుందో. సంతకం కావలసినప్పుడు కాగితం ఇంటికి పోతుంది. తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని, ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టి, మళ్లీ పొయ్యి దగ్గరికి పోతుంది.

ఆ సంతకానికి పట్టే సేపు ఏడు గడియలు కాదు. ఒక గడియ కూడా కాదు.

అందరు సర్పంచులూ అలా లేరు, నాకు తెలుసు. మొగుణ్ణి ఇంట కూర్చోబెట్టి, చెరువుగట్టు మీద నిలబడి పని చేయించుకునే ఆడవాళ్లను కూడా ఈ సీమలోనే చూశాను. వాళ్ల గురించి వెనక చాటుగా జనం అనే మాట కూడా విన్నాను. అదే పాత పేరు. వినగానే మొదట కోపం వచ్చేది. ఇప్పుడు మరోలా వినిపిస్తోంది. ఎనిమిది వందల ఏళ్లుగా తిట్టుగా మోసుకొచ్చిన పేరు ఏదో ఒకనాడు ఒట్టి పేరుగా దిగుతుంది. ఆ రోజు ఎవరైనా ఆమె తప్పులు ఆమెవి ఆమెకు, మిగతావాళ్ల తప్పులు మిగతావాళ్లకు పంచిపెడతారు. మైలమాదేవి అరణం పంచుకున్నంత తేలిగ్గా కాకపోయినా.

మందపోరు నాడు కారెంపూడిలో ఇప్పటికీ చాపకూడు పెడతారు. అన్ని కులాలవాళ్లూ ఒక్క వరుసన కూర్చుంటారు. పొద్దు వాలే వేళకు చేల నుంచి ఆడకూలీలు తిరిగి వస్తుంటారు. కొంగుల మీద, జుట్టులో పత్తి పీచు అంటుకుని ఉంటుంది. దూరం నుంచి చూస్తే తలలన్నీ నెరిసినట్టు, ఒక్క రోజులో అందరూ ముసలివాళ్లయినట్టు కనిపిస్తారు. అవతల వీరుల గుడి దగ్గర డప్పు మోగుతుంది. మరునాడు కోడిపోరు. వాళ్లు కాసేపు నిలబడి ఆ చాప వంక చూస్తారు.

ఎవరైనా కొంచెం జరిగితే చోటుంటుంది.